ఎండ ఉచితం, నీడకు పాసు

అహోబిలం వచ్చే భక్తుడు కష్టపడటానికి సిద్ధపడే వస్తాడు. దిగువ అహోబిలంలో దండం పెట్టుకుని, ఎగువకు ఎనిమిది కిలోమీటర్లు పోయి, అక్కణ్ణుంచి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి రాళ్ళ మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతాడు. ఉగ్రస్తంభం చూడాలంటే మోకాళ్ళు ఒప్పుకోవాలి. చేతిలో సంచి ఉంటే కోతులు ఒప్పుకోవు. అయినా ఆ పాట్లకు ఒక అర్థం ఉంది. పైన దేవుడున్నాడు, కింద ఏదో ఒక సత్రంలో ఆకులో అన్నముంది. ఏ అర్థమూ లేని పాట్లు పడి చూద్దామని ముచ్చటపడేవాళ్ళకు మా నంద్యాల, కడప జిల్లాల్లో వేరే క్షేత్రాలున్నాయి. కాలేజీ స్టేడియాలంటారు వాటిని.

ఏ కాలేజీ అని అడగొద్దు. ఒక్క పేరు చెబితే, మమ్మల్నెందుకు వదిలేశావని మిగతా యాజమాన్యాలు నొచ్చుకుంటాయి. నాలుగెకరాల నేల, దాని చుట్టూ సగం లేచి ఆగిపోయిన ప్రహరీ, ఒక పక్క సిమెంటు మెట్లు, ఇంకో పక్క రేకుల కప్పు కింద డయాస్, డయాస్ కన్నా ఎత్తైన శిలాఫలకం కనిపిస్తే అదేననుకోండి. అట్లాంటి ఒకచోట వార్షిక క్రీడోత్సవానికి నిరుడు నాకు పిలుపొచ్చింది. మా అన్న కూతురు నాలుగు వందల మీటర్ల పరుగులో ఉంది. ‘మీ రాకతో మమ్ములను ఆనందింపజేయగలరు’ అని కార్డు మీద బంగారు రంగులో అచ్చువేశారు. ఆ ‘మీరు’ నేను కాదని గేటు దగ్గర తెలిసింది.

స్టేడియానికి రెండు గేట్లు. పెద్దది కార్లకు, చిన్నది మనుషులకు. చిన్నదాన్ని మూసి, గొలుసు చుట్టి, తాళం వేసి, ఆ తాళం తుప్పు పట్టేదాకా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చారు. పెద్దదాన్ని ఒక రెక్క మూరెడు మేర తెరిచి ఆ సందులో వాచ్‌మన్‌ను నిలబెట్టారు. పిల్లల తల్లిదండ్రులు వందలమంది ఆ మూరెడు సందులోంచే పోవాలి. వెనకాల కారు హారన్ వినబడితే రెక్క బార్లా తెరుచుకుంటుంది, జనం గోడకు అతుక్కుంటారు, కారు పోతుంది, రెక్క మళ్ళీ మూరెడవుతుంది.

“ఆ చిన్న గేటు తీస్తే పోతాది గదా సామీ?” అన్నాను.

“తాళంచెవి పి.డి. సారు కాడుంది.”

“ఆయన యాడుండాడు?”

“లోపల.”

“అట్లయితే లోపలికి పోనీ, నేనే అడిగొస్తా.”

“కార్డు సూపీ.”

చూపించాను. ముందూ వెనకా తిప్పి చూసి, “ఇది ఉత్త కార్డు. గెస్టు కార్డయితే మూలన చుక్క ఉంటాది,” అన్నాడు.

ఆయన్ను అనడానికి లేదు. పొద్దున్నే వచ్చి అదే ఎండలో నిలబడ్డాడు, ఆయనకూ ఒక నీళ్ళ సీసా ఎవరూ ఇవ్వలేదు. చుక్క కనిపెట్టిన బుర్ర వేరే ఉంది. అది ఎప్పుడూ గేటు దగ్గర ఉండదు.

ఎట్లాగో లోపలికి పోతే, అక్కడ మొదట చదువుకోవలసింది నిర్మాణ శాస్త్రం. ఆట స్థలాన్ని ఉత్తర దక్షిణాలుగా పొడవు పెట్టి కట్టడం ప్రపంచమంతా ఉన్న పద్ధతి. ఆడేవాడి కళ్ళలో పొద్దు పడకూడదని. దాంతో చూసేవాళ్ళకు తూర్పు, పడమర మిగులుతాయి. పడమటి వైపు కూచున్నవాడికి మధ్యాహ్నం తిరిగాక సూర్యుడు వీపు వెనక్కి పోతాడు. తూర్పు వైపు కూచున్నవాడికి మూడింటి నుంచి మునిమాపు దాకా నేరుగా ముఖం మీదికి వస్తాడు. అంటే కప్పు ఎవరికి కావాలి? తూర్పు వాడికి. ఎవరికి వేశారు? పడమటి వాడికి. పడమటి డయాస్‌కు రేకుల కప్పు, కప్పు కింద షామియానా, షామియానా కింద కూలరు, కూలరు ముందు సోఫా. నీడకే నీడ పట్టిన ఘనులు వీళ్ళు. తూర్పున మాకు మెట్లున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీల జాబితా చదివితే నంద్యాల పేరు లేకుండా అది పూర్తి కాదు, అట్లాంటి ఊళ్ళ దగ్గర ఉత్త సిమెంటు మెట్లు కట్టి వాటికి ‘గ్యాలరీ’ అని పేరు పెట్టారు. ఫిబ్రవరిలోనే పదకొండు దాటాక దాని మీద ఆడవాళ్ళు కొంగు మడిచి వేసుకుని కూచుంటున్నారు, మగవాళ్ళు పేపరు పరుచుకుంటున్నారు. ఆ పేపర్లో స్టేడియం ప్రారంభోత్సవ ప్రకటన ఉంటే అది పేపరు తప్పు కాదు.

రోము నగరంలో కొలోసియం క్రీ.శ. 80లో తెరిచారు. మనుషులను, మృగాలను చంపుతుంటే చూసే చోటు, దాన్ని పొగడాలని నాకేమీ లేదు. కానీ ఆ కసాయి చక్రవర్తులు కూడా ప్రేక్షకుడి తల గురించి ఆలోచించారు. మేడ అంచు చుట్టూ కొయ్యలు నాటి, తాళ్ళు లాగి, జనం మీదికి గుడ్డ పందిరి దించేవాళ్ళు. లాగడానికి ఓడల మీద తెరచాపలు కట్టే నావికులనే పెట్టుకున్నారు. ద్వారాలు 80. రాజుకూ పెద్దలకూ పోను మామూలు జనం వచ్చే ద్వారాల మీద అంకెలు చెక్కారు, ఏ అంకె ద్వారంలో వచ్చినవాడు ఏ మెట్లెక్కాలో తేలిపోయేది. ముందు వరసలు సెనేటర్లకు, చిట్టచివరి పై వరసలు ఆడవాళ్ళకు. ఆ చివరి మాట వరకు మనవాళ్ళు రోమును తు.చ. తప్పకుండా అనుసరించారు. పందిరి, ద్వారాల సంగతి మాత్రం ఇంకా చదువుకోలేదు.

కార్యక్రమం తొమ్మిదికని కార్డు మీద ఉంది. ముఖ్య అతిథి పన్నెండుకు ఇరవై నిమిషాలు తక్కువలో వచ్చారు. ఈలోగా ఏం జరిగిందంటే, మార్చ్‌పాస్ట్ జరిగింది, మళ్ళీ జరిగింది, ఇంకోసారి జరిగింది. ఆయన బయల్దేరారని మైకులో చెప్పినప్పుడల్లా పిల్లలు వరస కట్టారు. బయల్దేరలేదని తెలిసినప్పుడల్లా వరసలోనే ఉండమన్నారు. పరుగు పెట్టాల్సిన పిల్లలు కాళ్ళు వేడెక్కించుకోవడానికి నాలుగు చుట్లు తిరిగి, ఆ వేడి చల్లారి, మళ్ళీ తిరిగి, పరుగు మొదలయ్యే ముందే పరుగు పూర్తి చేశారు.

తర్వాత జ్యోతి ప్రజ్వలన. ఆరుబయట గాలిలో ఐదు వత్తులు వెలిగించడం ఒలింపిక్స్‌లో చేర్చదగ్గ క్రీడ. కరస్పాండెంటు వెలిగిస్తే గాలి ఆర్పింది, ప్రిన్సిపాల్ చేయి అడ్డం పెడితే చెయ్యి కాలింది, చివరికి ఫోటో వచ్చే సమయానికి వెలుగుతున్న వత్తి ఒకటే. తర్వాత శాలువాలు. డయాస్ మీదున్నవాళ్ళందరికీ శాలువాలు కప్పి, కప్పినవాళ్ళకు కూడా కప్పి, ఫిబ్రవరి ఎండలో ఉన్ని కప్పుకున్న మనుషులకు కూలరు ఎందుకు కావాలో అప్పుడు మాకు అర్థమయింది. తర్వాత ఉపన్యాసం. క్రీడల వల్ల ఆరోగ్యం కలుగుతుందని ముఖ్య అతిథి చెబుతుండగా రెండో వరసలో ఒక పిల్ల కళ్ళు తిరిగి కూలబడింది. ముఖాన చల్లడానికి నీళ్ళు కావాలి. డయాస్ మీద సీసాలు బారులు తీరి ఉన్నాయి. వాటికీ ఆ పిల్లకూ మధ్య ప్రోటోకాల్ ఉంది. గ్యాలరీలోంచి ఒకామె తన బిడ్డకని తెచ్చుకున్న మజ్జిగ పట్టుకుని పరుగెత్తింది. ఆ రోజు మేము చూసిన పరుగుల్లో అదే వేగమైనది. దానికి కప్పు ఇవ్వలేదు.

కప్పుల కథ వేరే. ముఖ్య అతిథికి ఇంకో ఊళ్ళో ఇంకో జ్యోతి ఉంది. అందుకని పోటీల కన్నా ముందే బహుమతి ప్రదానం పెట్టారు. ఎవరు గెలుస్తారో ఇంకా తెలియదు గనక ముందు వరసలో ఉన్నవాళ్ళను పిలిచి చేతికిచ్చి, ఫోటో తీసి, మెట్లు దిగాక వెనక్కి తీసుకున్నారు. మరుసటి రోజు పేపర్లో ఆ ఫోటో వచ్చింది. కింద ‘విజేతలతో ముఖ్య అతిథి’ అని రాశారు. ఆ విజేతల్లో ఒకడు గ్రూపు డాన్సుకు వచ్చినవాడని తర్వాత విన్నాను.

మా పిల్ల పరుగు ఒంటిగంట దాటాక జరిగింది. ముఖ్య అతిథి వెళ్ళిపోయారు. ఆయన్ను సాగనంపడానికి కార్ల దాకా పోయిన అధ్యాపకులు అట్నుంచి అటే భోజనాలకు పోయారు. సున్నం గీతలు మార్చ్‌పాస్ట్ కాళ్ళ కింద చెరిగిపోయాయి. ట్రాకు వంపులో పల్లేరు కాయలు ఏరలేదు, బూట్లు లేని పిల్లలు ఆ చోటికి రాగానే పక్కకు దూకి మళ్ళీ గీత పట్టుకుంటున్నారు. పోటీలో ఐదుగురు, టైము చూసేవాడు ఒక్కడు, ఆయన చేతిలో సెల్‌ఫోను, దానికి అప్పుడే కాల్ వచ్చింది. మా పిల్ల రెండో స్థానమని వాళ్ళే ఐదుగురు తేల్చుకున్నారు.

“ఎవురూ సూల్లేదు గదా చిన్నాయనా,” అంది వచ్చి.

“మేము సూసినాం గదమ్మా.”

“మీరు సూస్తే లెక్కకు రాదంట.”

అది వాళ్ళ పి.డి. సారు అన్నమాట. ఆయన్నూ తప్పుపట్టలేను. ఆ కాలేజీలో ఆయన కొలువు పేరు ఫిజికల్ డైరెక్టరు, పని మాత్రం కుర్చీలు వేయించడం, తీయించడం.

మరుగుదొడ్ల గురించి రాయకుండా స్టేడియం గురించి రాయడం మర్యాదస్తుల పని. నాకా మర్యాద లేదు. గ్యాలరీ వెనక ‘స్త్రీలు’ అని బోర్డు ఉంది, చీర కట్టుకున్న బొమ్మ ఉంది, తలుపుంది, తలుపుకు తాళముంది. కిటికీలోంచి చూస్తే లోపల సున్నం మూటలు, విరిగిన హర్డిల్స్, నిరుటి ఫ్లెక్సీలు. పగలంతా అక్కడ గడపాల్సిన తల్లులూ పిల్లలూ రాత్రి నుంచే నీళ్ళు తాగడం తగ్గిస్తారు. ఈ సంగతి మా ప్రాంతంలో ఏ ఆడపిల్లను అడిగినా చెబుతుంది, ఎవరూ అడగరు. ఎండదెబ్బ తగిలి పడిపోయిన పిల్ల ఎందుకు పడిపోయిందో వైద్యశాస్త్రం ఒక కారణం చెబుతుంది, నేను ఆ తాళాన్ని చూపిస్తాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, ఆ జట్టులో మా కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం పిల్ల ఉంది. ఎడమచేతి స్పిన్నరు నల్లపురెడ్డి శ్రీచరణి. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్ల రూపాయలు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటిస్థలం ప్రకటించింది. మంచిదే, ఆ పిల్ల చెమటకు అది తక్కువే. ఆ ఫైనల్ జరిగిన డి.వై. పాటిల్ స్టేడియం ఏమిటనుకున్నారు? ఒక విద్యాసంస్థల ప్రాంగణంలో కట్టిన స్టేడియం. ప్రేక్షకుడి చూపుకు ఒక్క స్తంభం అడ్డం రాకుండా దాని కప్పును వెనక నుంచి గాలిలోకి చాచి నిలబెట్టారు. మేము కూచున్నచోట కప్పే లేదు గనక స్తంభం అడ్డం వచ్చే సమస్య మాకూ లేదు, ఒప్పుకుంటాను. గెలిచాక ఇచ్చే కోట్లు ఎన్నయినా ప్రకటించొచ్చు. ఇంకో శ్రీచరణి కాబోయే పిల్ల కోసం ఈ రోజు మధ్యాహ్నం ఆ ‘స్త్రీలు’ గది తాళం తీయడానికి ఏ జీ.వో. అక్కర్లేదు.

మా సీమలో చేతకాదా అంటే, చేతవుతుంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌ల్లో ఐదు అనంతపురంలో ఆర్.డి.టి. మైదానంలోనే జరిగాయి. టీవీలో చూసే ఆటగాళ్ళను కళ్ళారా చూడటానికి పల్లెల నుంచి జనం కదిలొచ్చారు. కడపలో కె.ఎస్.ఆర్.ఎం. ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో క్రికెట్ బోర్డు పోటీలు జరుగుతాయి. అంటే పచ్చిక ఎట్లా పెంచాలో, గీత ఎట్లా గీయాలో తెలిసిన మనుషులు ఇక్కడే ఉన్నారు. తెలియనివాళ్ళ దగ్గరే మిగతా మైదానాలున్నాయి.

అసలు ఆ స్టేడియంలో సందర్శకుడికి గొప్ప అనుభవం దక్కనే దక్కదని అంటే అది అబద్ధం. దక్కుతుంది. న్యాక్ బృందానికి దక్కుతుంది. కాలేజీలకు గ్రేడులిస్తూ వచ్చిన ఆ సంస్థ 1994లో పుట్టింది. అది ఇన్నాళ్ళూ చూస్తూ వచ్చిన ఏడు ప్రమాణాల్లో నాలుగోది మౌలిక వసతులు. బృందం వస్తుందనగా వారం ముందు స్టేడియానికి పునర్జన్మ వస్తుంది. గ్యాలరీ మెట్లకు తెలుపూ నీలం రంగులు. చిన్న గేటుకు ఆయిలు. పల్లేరు కాయలు ఏరడానికి ఎన్.ఎస్.ఎస్. పిల్లలు. ‘స్త్రీలు’ గదిలోంచి సున్నం మూటలు మాయమై, కొత్త బకెట్టు, కొత్త మగ్గు, గోడకు సబ్బు, సబ్బు మీద కాగితం విప్పకుండా. జిమ్‌లో పక్క కాలేజీ నుంచి అరువు తెచ్చిన ట్రెడ్‌మిల్. ఆ రోజు మైదానంలో ఒకేసారి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, షాట్‌పుట్ నడుస్తాయి. షాట్‌పుట్ గుండు ఖోఖో వాళ్ళ మీద పడకపోవడం నరసింహస్వామి దయ. బృందం చుట్టి చూసి, కొబ్బరినీళ్ళు తాగి, పుస్తకంలో నాలుగు మంచి మాటలు రాసి పోతుంది. మర్నాడు ట్రెడ్‌మిల్ తిరిగి పోతుంది, సున్నం మూటలు తిరిగొస్తాయి. కాబట్టి యాజమాన్యం దగ్గర డబ్బుల్లేవు, మనుషుల్లేరు, తెలివి లేదు అని నేను ఒక్కనాటికీ ఒప్పుకోను. అన్నీ ఉన్నాయి. ఏడాదికి ఎన్ని రోజులుండాలన్నదే తేలలేదు.

మిగతా రోజుల్లో ఆ నేల మీద ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. పెద్ద నాయకుడు వస్తే అక్కడ హెలికాప్టరు దిగుతుంది. వలయం గీసి, నడుమ ఇంగ్లీషు అక్షరం రాసి, చుట్టూ నీళ్ళు కొడతారు. ఆటకు ఏనాడూ రాని ట్యాంకరు దుమ్ము లేవకూడదని ఆ పూట వస్తుంది. కొమ్మలు కొట్టేస్తారు. పిల్లలకు సెలవిస్తారు, లేదా సెలవివ్వకుండా వరసలో నిలబెడతారు, ఏ పార్టీ అధికారంలో ఉందన్న దానితో దీనికి సంబంధం లేదు. బహిరంగ సభ జరిగితే గుంజలు పాతిన గుంతలు మిగులుతాయి. ఆ గుంతల్లో కాలు మడతపడ్డ హైజంప్ కుర్రాడు మా ఊళ్ళో ఉన్నాడు. సభ తర్వాత ఎగ్జిబిషన్, దాని తర్వాత ఎవరింట్లోనో పెళ్ళి విందు, దాని తర్వాత పరీక్షలు. పొద్దునా సాయంత్రం నడక సంఘం వాళ్ళు వస్తారు, వాళ్ళ బెంచీల మీద దాతల పేర్లుంటాయి, కుర్రాళ్ళు బంతి పట్టుకుని వస్తే తగులుతుందని వాళ్ళు కోప్పడతారు. క్రీడా మైదానంలో క్రీడల వల్ల ఇబ్బందిగా ఉందని అర్జీ పెట్టుకునేవాళ్ళు మన దగ్గర కాక ఇంకెక్కడైనా ఉంటారేమో, ఉంటే వాళ్ళకు నా నమస్కారాలు.

ఇదే నేల మీద బండలాగుడు పోటీలు పెట్టిన రోజు మాత్రం వచ్చి చూడండి. సీమలో చదువుకోనివాళ్ళ సంఘాలు నడిపే ఆట అది. పాల పళ్ళ గిత్తలు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని పశువును బట్టి విభాగాలు. గడువు నిమిషాల్లో, దూరం అడుగుల్లో. జత దిగగానే యజమాని పేరు, ఊరు, మండలం మైకులో చెబుతారు, ప్రతి చుట్టుకూ ఎన్ని అడుగులయిందో చెబుతారు, టేపు పెట్టి అంగుళాలతో సహా కొలుస్తారు. ఎద్దుల మీద కొరడా సంగతి నాకూ నచ్చదు, అది వేరే రోజు తిట్టుకుందాం. కానీ దూరాభారం వచ్చిన మనిషికి ఆ కమిటీ అన్నం పెడుతుంది, మజ్జిగ పోస్తుంది, ఎద్దుకు కూడా నీడ చూపిస్తుంది. అవే నాలుగెకరాలు, అవే మెట్లు. డిగ్రీ చదివే పిల్ల పరిగెత్తితే టైము చూసే దిక్కులేదు, కోడెగిత్త పరిగెత్తితే అంగుళం వదలరు.

ఈ ఆతిథ్యం వేరు తెలియాలంటే ఇంకా లోపలికి పోదాం. అహోబిలేశుడు కనుమ నాడు పార్వేటకు బయల్దేరుతాడు. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఒకే పల్లకిలో నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్ళు తిరుగుతారు. తన పెళ్ళికి జనాన్ని పిలవడానికి దేవుడే గడప గడపకూ వస్తాడని మా పెద్దల మాట. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలకు అది పిలుపు. ఆ పిలుపుకు బంగారు రంగు కార్డు లేదు, మూలన చుక్క లేదు. పల్లకి దిగిన ఊళ్ళో ఆ రాత్రి ప్రతి ఇంట్లో చుట్టాలుంటారు, వచ్చినవాడిది ఏ ఊరని అడిగేది చాప పరిచాకే. పిలిచినవాడు పిలుపందుకున్నవాడి గుమ్మం దాకా నడిచొచ్చే ఆచారం ఉన్న నేల ఇది. అట్లాంటి నేల మీద చదువుల నిలయాలు పిలిచిన మనిషిని గేటు సందులో నిలబెట్టి కార్డు తిప్పి చూస్తున్నాయి.

నవ్వుకుని వదిలేయొచ్చు. నవ్వలేని చోటు గేటు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి, గేటు తీసిన క్షణాన జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర పదకొండు మంది పోయారు. కప్పు గెలిచిన జట్టును చూద్దామని వచ్చినవాళ్ళు, ఎక్కువమంది కుర్రవాళ్ళు. బ్రిటన్‌లో 1971 జనవరిలో ఐబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద 66 మంది నలిగి చచ్చిపోయాక, ప్రేక్షకుల భద్రతకు ఒక మార్గదర్శి పుస్తకం వేశారు, 1975లో చట్టం చేశారు. మామూలు రోజున గ్యాలరీ ఎనిమిది నిమిషాల్లో ఖాళీ కావాలని వాళ్ళు లెక్క కట్టారు. మన దగ్గర పుస్తకం లేదా? ఉంది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో నాలుగో భాగం మొత్తం అగ్ని, ప్రాణ రక్షణ గురించే. జనం గుమికూడే కట్టడానికి బయటి దారులు ఎన్ని, ఎంత వెడల్పు అన్నవన్నీ అందులో ఉన్నాయి. మా స్టేడియంలో రెండో దారి ఉంది, దాని వెడల్పూ సరిపోతుంది, ఇంజనీరు తన పని చేశాడు. తర్వాత ఎవరో వచ్చి తాళం వేశారు. అదే 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం కూడా వచ్చింది, వాళ్ళు పోగలిగేట్టు దారులుండాలంది. ర్యాంపు కట్టారు, కాదనను. అది డయాస్‌కు కట్టారు. కరస్పాండెంటు గారి మోకాళ్ళ కోసం.

అడిగితే నిధుల మాట చెబుతారు. నా అంచనా చెబుతాను వినండి. గేటు తాళం తీయడానికి ఖర్చు సున్నా. ‘స్త్రీలు’ గదిలోంచి మూటలు తీయడానికి ఇద్దరు కూలీలు, అరపూట. నీళ్ళకు మట్టి కుండలు చాలు. వేసవిలో మా ప్రాంతంలో బస్టాండు పక్క చిల్లర కొట్టువాడు కూడా చలివేంద్రం పెట్టి ఊరికే నీళ్ళు పోస్తాడు, వాడికి ఏ గ్రేడూ లేదు. తూర్పు మెట్ల మీద రేకులు వేయాలంటే మాత్రం డబ్బు కావాలి. డయాస్ పక్కనున్న శిలాఫలకం నల్ల గ్రానైటు, దాని మీద పేర్లకు బంగారు పూత, దానికి నాలుగు స్తంభాలతో సొంత కప్పు ఉంది. రాయికి ఎండ తగలకుండా చూసుకున్న చేతులు మనుషుల సంగతి కూడా చూడగలవు. శాలువాలు ఒక్క ఏడాది మానేసి చూడండి, పూర్తి గ్యాలరీకి కాకున్నా చిన్నపిల్లల తల్లులు కూచునేంత మేరకు పందిరి వస్తుంది.

చదువరీ, నీ ఇంటికీ త్వరలో ఒక కార్డు వస్తుంది. పిల్లల పరుగు కోసం పోవాల్సిందే, పో. గొడుగు తీసుకుపో, మజ్జిగ తీసుకుపో. డయాస్ మీద శాలువాల కార్యక్రమం మొదలై, మైకులో చప్పట్లు కొట్టమన్నప్పుడు మాత్రం కొట్టకు. లేచి నిలబడి, పక్కనున్న పదిమందినీ లేపి, చిన్న గేటు తాళంచెవీ ఆడవాళ్ళ గది తాళంచెవీ ఎవరి దగ్గరున్నాయో ఆ మైకులోనే చెప్పమని గట్టిగా అడుగు. చెప్పేదాకా కూచోకు.